ఎవరిదీ కాని సముద్రంలో చేపను కాపాడే చట్టం ఉందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "తీరం నుంచి 200 మైళ్ళు దాటాక సముద్రం ఏ దేశానిదీ కాదంటారు. మరి అక్కడ తిమింగలాల్నీ, సొరచేపల్నీ, ట్యూనాల్నీ కాపాడే చట్టం ఉందా? ఉంటే తప్పు చేసినవాణ్ణి పట్టుకునేదెవరు? కొత్త హై సీస్ ఒప్పందంతో ఇదంతా మారిపోతుందా? నేను లా చదువుతున్నాను, దీనిమీద ప్రాజెక్ట్ చెయ్యాలంటే ఏ అంశం తీసుకోవాలి?"

పదిహేనేళ్ళకు పైగా చేపల వేట ఒప్పందాల మీద న్యాయ సలహాదారుగా పనిచేశాను. సమావేశాల్లో ముసాయిదాలు రాయడం సగం పని, రేవుకొచ్చిన పడవల కాగితాలు చూడటం మిగతా సగం. పుస్తకంలో ఉన్నదీ, డెక్ మీద కనిపించిందీ రెండూ కలిపి చెబుతాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక పట్టండి.

నేరుగా జవాబు: చట్టం ఉంది, చాలానే ఉంది. లేనిది పోలీసు. అక్కడి చట్టం నీళ్ళను పట్టుకుని ఉండదు, పడవను పట్టుకుని ఉంటుంది. పడవ మీద ఏ దేశం జెండా ఉందో ఆ దేశమే దాన్ని అదుపు చెయ్యాలి. అది పట్టించుకోకపోతే నడిసముద్రంలో ఇంకొకరు చెయ్యగలిగింది చాలా తక్కువ. నా అనుభవంలో దొంగవేటకు అడ్డుకట్ట పడేది ఎక్కువగా ఒడ్డున, చేప దిగే రేవులో. కొత్త ఒప్పందం ఎంతో అవసరమైనదే, కానీ ఈ జెండా సూత్రాన్ని అది కదపలేదు.

ఇక వివరాలు. ముందు హద్దులు తేల్చుకుందాం. సముద్రాలకు రాజ్యాంగం లాంటిది ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒడంబడిక. మా రంగంలో అందరూ అన్‌క్లోస్ అనే అంటారు. 1982 డిసెంబర్ 10న జమైకాలోని మాంటెగో బేలో దేశాలు దాని మీద సంతకాలు మొదలుపెట్టాయి, 1994 నవంబర్ 16న అమల్లోకి వచ్చింది. తీరరేఖ నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా ప్రాదేశిక జలాలు, 200 మైళ్ళ దాకా ప్రత్యేక ఆర్థిక మండలి. అక్కడిదాకా చేపల మీద హక్కు తీరదేశానిదే. అది దాటితే హై సీస్. మొత్తం సముద్రాల ఉపరితలంలో ఇది దాదాపు 64 శాతం. 89వ అధికరణం ప్రకారం అందులో చెంబుడు నీళ్ళు కూడా మావే అనే హక్కు ఏ దేశానికీ లేదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. నీళ్ళు వేరు, వాటి కింది నేల వేరు. కొన్ని దేశాల ఖండతీరపు అంచు 200 మైళ్ళు దాటి, కొన్నిచోట్ల 350 మైళ్ళ దాకా కూడా పోతుంది. అలాంటి చోట అడుగున నేలకు అతుక్కుని బతికే జీవి మీద హక్కు తీరదేశానిది, దాని పైన ఈదే చేప మీద ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. ఆ అంచు కూడా దాటాక ఉన్న సముద్రగర్భాన్ని ఒడంబడిక 'ఏరియా' అని పిలిచి, అది మానవజాతి ఉమ్మడి వారసత్వం అంది. చేపలకు మాత్రం ఆ మాట వాడలేదు. 87వ అధికరణంలో నౌకాయానం, విమానాలు, కేబుళ్ళు, పరిశోధనలతో పాటు చేపల వేట కూడా ఒక స్వేచ్ఛే. అంటే అడుగున ఉన్న ఖనిజం అందరిదీ, పైనున్న చేప పట్టినవాడిది. ఈ ఒక్క తేడా బుర్రకెక్కితే మిగతా గొడవలు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

ఆ స్వేచ్ఛకు ముకుతాడు లేదని కాదు. 116 నుంచి 119 దాకా ఉన్న అధికరణాలు వేటాడే దేశాలన్నీ కలిసి చేపల్ని సంరక్షించాలంటాయి. 120వది సముద్ర క్షీరదాల గురించి. 192వ అధికరణం ఒక్క వాక్యమే: సముద్ర పర్యావరణాన్ని కాపాడటం, పరిరక్షించడం దేశాల బాధ్యత. చాలాకాలం దాన్ని గోడకు రాసుకునే నీతివాక్యంలా చూశారు. 2016లో దక్షిణ చైనా సముద్రం కేసులో మధ్యవర్తుల ట్రిబ్యునల్ ఆ భ్రమ పోగొట్టింది. అంతరించే ప్రమాదమున్న జీవుల్ని తన జెండా పడవలు పడుతున్నాయని తెలిసీ ఊరుకోవడం ఆ అధికరణాన్ని ఉల్లంఘించడమేనని తేల్చింది. వివాదం నడిచింది తీరానికి దగ్గరి నీళ్ళలోనే అయినా, ఆ తర్కం ఎక్కడికైనా పనికొస్తుంది.

ఇక్కడ ఒక పాత కేసు చెప్పాలి. నూట ముప్పై ఏళ్ళు దాటినా ఈ రోజుకీ వాదన అదే. బేరింగ్ సముద్రంలో ప్రిబిలాఫ్ దీవులున్నాయి, అమెరికావి. ఒంటి నిండా మెత్తటి బొచ్చున్న ఫర్ సీళ్ళనే సముద్ర జంతువులు అక్కడ పిల్లల్ని కంటాయి. మేతకు నడిసముద్రంలోకి వెళ్ళినప్పుడు కెనడా నుంచి వచ్చిన పడవలు వాటిని వేటాడేవి. అమెరికా ఆ పడవల్ని పట్టుకుంది, అప్పట్లో కెనడా తరఫున మాట్లాడే బ్రిటన్ అభ్యంతరం చెప్పింది. 1893లో పారిస్‌లో మధ్యవర్తులు అమెరికా వాదన కొట్టేశారు. అప్పటి మూడు మైళ్ళ హద్దు బయట ఆ జంతువుల్ని కాపాడే ప్రత్యేక హక్కేదీ మీకు లేదన్నారు. పోనీ సీళ్ళు ఏమైపోతాయోనని దీవుల చుట్టూ 60 మైళ్ళ మేర వేట వద్దని, కొన్ని నెలలు ఆపాలని నియమాలు రాసిచ్చారు. కానీ అవి ఆ రెండు దేశాలకే వర్తిస్తాయి. జపాన్ పడవలకు అడ్డేముంది? వేట సాగుతూనే ఉంది.

చివరికి 1911లో అమెరికా, బ్రిటన్, జపాన్, రష్యా కూర్చుని బేరం కుదుర్చుకున్నాయి. నడిసముద్రంలో సీళ్ళ వేట అందరూ మానేయాలి. అందుకు బదులుగా దీవులున్న దేశాలు ఒడ్డున తీసిన తోళ్ళలో వాటా ఇవ్వాలి. అమెరికా తన తోళ్ళలో 15 శాతం కెనడాకు, మరో 15 శాతం జపాన్‌కు ఇచ్చేలా రాసుకున్నారు. సీళ్ళు కోలుకున్నాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు నేను ముందు చదవమనేది ఈ రెండు కాగితాలే. మానేసినవాడికి ఏం దక్కుతుందో చెప్పని ఒప్పందాన్ని నేను ఇప్పటికీ అనుమానంగానే చూస్తాను.

జెండా ఎలా పనిచేస్తుంది? 92వ అధికరణం ప్రకారం నడిసముద్రంలో ఓడ మీద అధికారం, కొద్ది మినహాయింపులు తప్ప, దాని జెండా దేశానికే. ఓడకూ ఆ దేశానికీ 'నిజమైన సంబంధం' ఉండాలని 91వది అంటుంది. నిజమైన సంబంధం అంటే ఏమిటో మాత్రం ఎక్కడా చెప్పదు. సముద్రమే లేని దేశానికి కూడా జెండా ఇచ్చే హక్కు ఉంది, అది 90వది. దాంతో యజమాని ఒక దేశం, కెప్టెన్ ఇంకో దేశం, పనివాళ్ళు మరో దేశం, జెండా ఫీజు కట్టి కొనుక్కున్నది. ఇది అరుదైన వింత అనుకోకండి.

ఒకసారి ఒక రేవులో తనిఖీ బృందంతో పాటు ఒక లాంగ్‌లైన్ పడవ (పొడవాటి తాడుకు వేల గాలాలు కట్టి వదిలే రకం) ఎక్కాను. పేరు మీద రంగు కొత్తగా ఉంది. టార్చ్ పక్కగా పట్టి చూస్తే రంగు కింద వేరే పేరు, వెల్డింగ్ చేసిన అక్షరాలు ఉబ్బుగా కనిపించాయి. కెప్టెన్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం చూడటానికి శుభ్రంగానే ఉంది. పట్టిన చేపల లెక్క రాసే లాగ్‌బుక్ అంతకంటే శుభ్రంగా ఉంది. నాలుగు నెలల రాత, ఒకే పెన్ను, ఒక్క చోట కూడా తడిసిన మచ్చ లేదు. సముద్రంలో రాసిన లాగ్‌బుక్ అలా ఉండదండీ! ఫ్రీజర్‌లో సంచుల కొద్దీ సొరచేప రెక్కలున్నాయి, లాగ్‌బుక్‌లో ఒక్క సొరచేప లేదు. జెండా దేశానికి మెయిల్ పెట్టాం. మూడు వారాలకు రెండు లైన్ల జవాబొచ్చింది: ఈ పడవను మా రిజిస్టర్ నుంచి కిందటేడే తీసేశాం. అంటే ఏడాదిగా ఆ పడవకు దిక్కూ మొక్కూ లేదు. సరుకు దింపనివ్వలేదు, డీజిల్ పొయ్యనివ్వలేదు. వెళ్ళిపోయింది. ఎక్కడికి వెళ్ళిందో మాకు తెలియదు, బహుశా ఇంత టార్చ్ వెయ్యని రేవుకు.

జెండా దేశం నిద్రపోతే ఏమీ చేయలేమా అంటే, బాధ్యత మాత్రం ఉందని హాంబుర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్ 2015లో ఇచ్చిన సలహా అభిప్రాయంలో స్పష్టంగా చెప్పింది. జెండా ఇచ్చిన దేశం తగినంత శ్రద్ధ చూపాలి, ఫిర్యాదు వస్తే విచారించి, ఏం చేసిందో తిరిగి చెప్పాలి. ఆ అభిప్రాయం ఇంకో దేశపు ఆర్థిక మండలిలో వేట గురించి అడిగిన ప్రశ్నకు ఇచ్చింది. అయినా మేం ఉత్తరాల్లో దాన్ని తరచూ వాడతాం. కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా.

నడిసముద్రంలో పడవ ఎక్కి తనిఖీ చెయ్యొచ్చా? 110వ అధికరణం తీసి చూడండి. పరాయి జెండా ఓడను యుద్ధనౌక ఆపి ఎక్కడానికి కారణాలు కొన్నే: సముద్ర దోపిడీ, బానిసల వ్యాపారం, అనధికార రేడియో ప్రసారం, జాతీయత లేకపోవడం, లేదా పరాయి జెండా ఎగరేసినా నిజానికి ఆ ఓడ యుద్ధనౌక దేశానిదే కావడం. నడిసముద్రం నుంచి పాటలు ప్రసారం చేస్తే ఆపొచ్చు, దొంగగా చేపలు పడితే ఆపలేం. 1950లు, 60లలో ఓడల మీంచి రేడియో స్టేషన్లు నడిపిన కాలపు కోపం అందులో అలా ఉండిపోయింది.

కోపం వచ్చి ఆపిన దేశం లేకపోలేదు. న్యూఫౌండ్లాండ్ దగ్గర గ్రాండ్ బ్యాంక్స్‌లో కాడ్ చేపలు కుప్పకూలి 1992లో కెనడా ఆ వేటనే ఆపేసింది. ఆ మేట అంచులు 200 మైళ్ళ బయటకు పొడుచుకొస్తాయి, అక్కడ విదేశీ ట్రాలర్లు వేటాడుతూనే ఉన్నాయి. 1995 మార్చిలో కెనడా హద్దు బయటే ఉన్న ఎస్తాయ్ అనే స్పెయిన్ ట్రాలర్‌ను బలవంతంగా పట్టుకుంది. దాని వలను న్యూయార్క్ తీసుకెళ్ళి, కళ్ళు ఎంత చిన్నవో చూడండి అని ప్రపంచానికి చూపించింది. స్పెయిన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. 1998 డిసెంబర్‌లో కోర్టు ఈ కేసు వినే అధికారం మాకు లేదని పక్కన పెట్టింది, ఎందుకంటే కెనడా అలాంటి వివాదాలను ముందే తన అంగీకారం నుంచి మినహాయించుకుంది. చట్టం లెక్కన కెనడా చేసింది నిలబడదని నా అభిప్రాయం. కానీ 1995 ఆగస్టులో కుదిరిన ఐక్యరాజ్య సమితి చేప నిల్వల ఒప్పందానికి ఆ వల వేడి తగిలిందనడంలో నాకు సందేహం లేదు.

ఆ 1995 ఒప్పందం 2001 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. రెండు పనులు చేసింది. సరిగ్గా తెలియదన్న వంకతో జాగ్రత్త మానకూడదనే సూత్రాన్ని రాతలో పెట్టింది. ఒక ప్రాంతపు సంస్థలో సభ్యత్వం లేకుండా, కనీసం దాని నియమాలకు ఒప్పుకోకుండా అక్కడ వేటాడే హక్కు లేదంది. పరాయి జెండా పడవను ఎక్కి తనిఖీ చేసే దారి కూడా తెరిచింది, కానీ ఒప్పందంలో చేరిన దేశాల మధ్యే. తనిఖీలో తప్పు దొరికినా శిక్ష వెయ్యాల్సింది మళ్ళీ జెండా దేశమే, లేదా అది సరేనంటే తనిఖీ చేసిన దేశం.

ప్రాంతీయ సంస్థలు: రోజువారీ పని జరిగేది ఇక్కడే. అట్లాంటిక్ ట్యూనాకు మాడ్రిడ్‌లో ఒక కమిషన్, హిందూ మహాసముద్రం ట్యూనాకు సేషెల్స్‌లో ఒకటి, పశ్చిమ, మధ్య పసిఫిక్‌కు ఇంకొకటి, అంటార్కిటికా చుట్టూ జీవజాలానికి హోబార్ట్‌లో ఒకటి. ఇలా పదికి పైగా ఉన్నాయి. కోటాలు, వల కళ్ళ సైజు, సీజన్లు, ఏ జీవి దొరికితే తిరిగి వదిలెయ్యాలి, అన్నీ వీళ్ళే తేలుస్తారు. వీటి బలహీనత మూడు చోట్ల.

మొదటిది, అన్నీ కాకపోయినా చాలా సంస్థల్లో నచ్చని నిర్ణయం మీద గడువులోపు అభ్యంతరం రాసిస్తే అది ఆ దేశానికి వర్తించదు. ఒక సమావేశంలో సొరచేప రెక్కలు ఒంటికి ఉండగానే ఒడ్డుకు తేవాలనే నియమం మీద రాత్రి రెండున్నర దాకా కూర్చున్నాం. రెక్కలు కోసేసి ఒంటిని నీళ్ళలో పారేస్తే ఏ జాతి, ఎన్ని పట్టారో లెక్క తేలదు కాబట్టి ఈ నియమం కావాలి. ఒక బృందం 'తప్పనిసరిగా' అన్న మాటకు బదులు 'వీలైనంత మేరకు' అని పెట్టాలని పట్టుబట్టింది. మిగతా వాళ్ళం అలిసిపోయాం, మధ్యేమార్గంగా ఏదో రాశాం. నాలుగు నెలలు తిరక్కుండానే అదే దేశం ఆ మధ్యేమార్గం మీద కూడా అభ్యంతరం పంపింది. ఆ రోజు నాకొచ్చిన కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు.

రెండోది, చూసే కళ్ళు తక్కువ. లాంగ్‌లైన్ పడవల మీద కనీసం 5 శాతం వేటకు పరిశీలకులు ఉండాలన్నది చాలాచోట్ల పాత లెక్క. అంటే 20లో 19 వంతుల వేటకు కెప్టెన్ రాసిందే వేదం. పశ్చిమ పసిఫిక్‌లో చేపల గుంపును చుట్టేసి సంచిలా మూసే పర్స్ సీన్ వలల పడవలకు నూటికి నూరు శాతం పెట్టారు, కాబట్టి చెయ్యలేమన్న మాట నమ్మకండి.

మూడోది, ఖాళీలు. ట్యూనా సంస్థ ట్యూనానూ దాని చుట్టాల్నీ చూస్తుంది, స్క్విడ్‌ను, అంటే పది చేతుల మెత్తటి సముద్రజీవిని, చూడదు. నైరుతి అట్లాంటిక్ హై సీస్‌లో స్క్విడ్ కోసం వందల పడవలు దీపాలు వేసుకుని నిలబడతాయి, అంతరిక్షం నుంచి చూస్తే ఊరు ఉన్నట్టే ఉంటుంది. అక్కడ కోటా పెట్టే ప్రాంతీయ సంస్థే లేదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారే, అక్కడ గొర్రె ఉమ్మడిదని ఒప్పుకున్నవాళ్ళు కూడా లేరు.

ఇంత చెప్పాక మంచి కూడా చెప్పాలి. అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా పని అయిపోయిందని 2010లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్నే నిషేధించాలనే ప్రతిపాదన అంతరించే జాతుల వ్యాపార ఒప్పందం సమావేశానికి వచ్చింది. వీగిపోయింది. కానీ ఆ బెదురు పనిచేసింది. తూర్పు అట్లాంటిక్, మధ్యధరా కోటాను 2011కల్లా 12,900 టన్నులకు దించారు, ప్రతి చేపకూ పట్టిన చోటు నుంచి కాగితం పుట్టేలా చేశారు. చేప కోలుకుంది, 2020లో కోటా 36,000 టన్నులకు పెరిగింది. ఆ కోటా పెట్టే మాడ్రిడ్ కమిషన్‌ను వెక్కిరించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తిమింగలాల సంగతి త్వరగా. 1946 ఒప్పందం కింద ఏర్పడిన అంతర్జాతీయ తిమింగల కమిషన్ 1982లో వ్యాపార వేటను ఆపాలని నిర్ణయించింది, 1985-86 సీజన్ నుంచి అమలు. పరిశోధన పేరుతో జపాన్ అంటార్కిటిక్‌లో వేట కొనసాగిస్తే ఆస్ట్రేలియా కేసు వేసింది. 2014 మార్చి 31న అంతర్జాతీయ న్యాయస్థానం, ఆ కార్యక్రమం శాస్త్ర పరిశోధన కోసం అన్న నిర్వచనంలోకి రాదని 12-4తో తీర్పిచ్చింది. 2019లో జపాన్ కమిషన్ నుంచే తప్పుకుని, సొంత జలాల్లో వేట మొదలుపెట్టి, అంటార్కిటిక్ వేట మానేసింది. నడిసముద్రపు తిమింగలాలకు ఇది లాభమే. కానీ ఒప్పందం నచ్చకపోతే బయటికి నడిచి వెళ్ళిపోవచ్చన్న పాఠం కూడా అందులో ఉంది.

చట్టబద్ధత లేని కాగితం కూడా కొన్నిసార్లు చట్టం కంటే గట్టిగా పనిచేస్తుంది. నీళ్ళలో కొట్టుకుపోయేలా వదిలేసే, పదుల కిలోమీటర్ల పొడవున్న డ్రిఫ్ట్ వలలు డాల్ఫిన్లను, తాబేళ్ళను, పక్షులను కలిపి ఊడ్చేసేవి. 1991లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ తీర్మానం చేసి, 1992 చివరికల్లా నడిసముద్రంలో వాటిని ఆపెయ్యమంది. తీర్మానానికి కట్టుబడాలనే నియమం లేదు. అయినా పెద్ద వాడకం చాలావరకు ఆగింది, ఎందుకంటే అమెరికా లాంటి మార్కెట్లు వాటితో పట్టినవాళ్ళ చేపల్ని కొనబోమన్నాయి.

ఇక కొత్త ఒప్పందం. పేరు పెద్దది, మేం బీబీఎన్‌జే అంటాం. దేశాల పరిధి దాటిన ప్రాంతాల్లో జీవవైవిధ్యం గురించి. 2004లో ఒక వర్కింగ్ గ్రూప్‌తో మొదలైన మాటలు 2023 మార్చిలో న్యూయార్క్‌లో ఒక కొలిక్కి వచ్చాయి. 2023 జూన్ 19న ఆమోదించారు. 2025 సెప్టెంబర్ 19న దానికి కట్టుబడతామని దేశాలిచ్చిన పత్రాలు 60కి చేరాయి, ఆ తర్వాత 120 రోజుల లెక్కన 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది.

అసలు ఇది ఎందుకు కావాల్సి వచ్చింది? ఇంతకు ముందు నడిసముద్రంలో ఒక రక్షిత ప్రాంతం ప్రకటించాలంటే ప్రపంచవ్యాప్త వేదిక లేదు. అంటార్కిటికాలో రాస్ సముద్రాన్ని చూడండి. 15.5 లక్షల చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం, అందులో సుమారు 11.2 లక్షల చదరపు కిలోమీటర్లలో వేట పూర్తిగా బంద్. 2016లో కుదిరింది, 2017 డిసెంబర్ 1 నుంచి అమలు. దానికి ఏళ్ళ తరబడి పట్టింది, ఎందుకంటే ఆ సంస్థలో ప్రతి సభ్యుడూ ఒప్పుకోవాలి, ఒక్కరు తల అడ్డంగా ఊపినా ఆగిపోతుంది. అదీ 35 ఏళ్ళ గడువుతోనే. కొత్త ఒప్పందంలో ఏకాభిప్రాయానికి ప్రయత్నించి కుదరకపోతే, హాజరై ఓటేసిన దేశాల్లో నాలుగింట మూడొంతుల మెజారిటీతో రక్షిత ప్రాంతాన్ని నిర్ణయించవచ్చు. నా దృష్టిలో ఒప్పందం మొత్తంలో విలువైన వాక్యం ఇదే. అభ్యంతరం చెప్పే హక్కు ఇక్కడా ఉంది, 120 రోజుల్లోపు. కానీ కారణం ఒప్పందంలో రాసిన కొద్దిపాటి కారణాల్లోదై ఉండాలి, రాతపూర్వకంగా వివరించాలి. ఊరికే నచ్చలేదంటే కుదరదు.

పర్యావరణ ప్రభావ అంచనా రెండో పెద్ద భాగం. నడిసముద్రంలో ఏదైనా పని వల్ల ప్రభావం స్వల్పం, తాత్కాలికం అన్న స్థాయిని మించే అవకాశముంటే ముందు పరిశీలన జరపాలి, తీవ్రత ఎక్కువనిపిస్తే పూర్తి అంచనా చెయ్యాలి, దాన్ని బయటపెట్టాలి. అయితే చివరికి పని మొదలుపెట్టాలా వద్దా అనేది ఆ దేశమే నిర్ణయిస్తుంది. మిగతా రెండు భాగాలు సముద్రజీవుల జన్యు వనరుల లాభాల పంపిణీ, వెనకబడిన దేశాలకు సాంకేతిక సాయం. చర్చల్లో ఎక్కువ రక్తం చిందింది జన్యు వనరుల మీదే, మీ ప్రశ్నకు దానితో అంత పని లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఇప్పుడు పత్రికల్లో కనిపించని భాగం. ఈ ఒప్పందం చేపల వేటను నేరుగా నియంత్రించదు. ఇప్పటికే ఉన్న సంస్థల అధికారాన్ని దెబ్బతీయకూడదని 5వ అధికరణం కట్టేసింది. ట్యూనా కమిషన్ ఉన్నచోట కొత్త ఒప్పందపు సభ రక్షిత ప్రాంతం గీయగలదు, వేట ఆపమని ఆ కమిషన్‌కు సిఫారసు చేయగలదు. కోటాను తనే మార్చలేదు. ఒప్పందంలో చేరని దేశానికి ఇది వర్తించదు. అమలు చూసే కమిటీకి శిక్ష వేసే అధికారం లేదు, సాయం చేసి దారిలో పెట్టడమే దాని పని. పడవ మీద అధికారం మళ్ళీ జెండాదే.

అలాగని తీసిపారెయ్యకండి. సిఫారసు అనేది చిన్న మాటే, కానీ రెండు సభల్లోనూ కూర్చునేది చాలావరకు అవే దేశాలు. కొత్త ఒప్పందపు సభలో చెయ్యెత్తి ట్యూనా కమిషన్‌లో అడ్డం తిరిగితే జవాబు చెప్పుకోవాలి. చిలీ తీరానికి పడమరగా ఉన్న సాలస్ ఇ గోమెజ్, నాస్కా సముద్రగర్భ పర్వతశ్రేణులు, ఈల్ చేపలు గుడ్లు పెట్టే సర్గాసో సముద్రం లాంటివి మొదటి ప్రతిపాదనల్లో ఉండాలని చాలామంది కోరుతున్నారు. మొదటి రెండు మూడు ప్రతిపాదనల్లో వేట నియమాలు ఎంత గట్టిగా పడతాయో చూస్తే ఒప్పందం ఎటు పోతుందో నేను చెప్పగలను, ఇప్పుడు కాదు.

మరి పట్టుకునేదెవరు? రేవు. 2009లో కుదిరి 2016 జూన్ 5న అమల్లోకి వచ్చిన రేవు దేశ చర్యల ఒప్పందం నాకు అన్నిటికంటే ఇష్టమైన కాగితం. విదేశీ పడవ ముందే సమాచారం ఇవ్వాలి. దొంగవేట చేసిందనడానికి తగిన ఆధారముంటే లోపలికి రానివ్వక్కర్లేదు. వచ్చాక తేలితే సరుకు దింపనివ్వరు, డీజిల్, మరమ్మత్తులు ఉండవు. రేవు ఒక దేశపు నేల, అక్కడ జెండా వాదన పనిచెయ్యదు. లొసుగు ఏమిటంటే చేపను నడిసముద్రంలోనే ఇంకో రవాణా ఓడకు మార్చేసి, పట్టిన పడవ రేవు ముఖమే చూడకుండా నెలలు గడిపేస్తుంది.

థండర్ అనే పడవ కథ మీరు వినే ఉంటారు. అంటార్కిటిక్ చుట్టూ టూత్‌ఫిష్‌ను దొంగగా పడుతోందని 2013లోనే ఇంటర్‌పోల్ నోటీసు ఇచ్చింది. 2014 డిసెంబర్‌లో సీ షెపర్డ్ స్వచ్ఛంద సంస్థ ఓడ దాన్ని కనిపెట్టి 110 రోజులు వెంటపడింది. మధ్యలో నైజీరియా దాని జెండా పీకేసింది. 2015 ఏప్రిల్‌లో పడవ సావో టోమె దేశపు జలాల్లో మునిగింది, సిబ్బంది అంతా బతికారు. కెప్టెన్‌కూ, ఇద్దరు ఇంజనీర్లకూ ఆ చిన్న దేశపు కోర్టు శిక్ష వేసింది, కలిపి 1.5 కోట్ల యూరోల జరిమానా. అభియోగాలు చూడండి: నకిలీ పత్రాలు, కాలుష్యం, నిర్లక్ష్యం. దొంగగా పట్టిన టూత్‌ఫిష్‌కు కాదు. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఏ చట్టం చేతికందితే దానితో పట్టుకోవడమే ఈ పనిలో తెలివి.

డబ్బు వైపు నుంచి ఇంకో తలుపు మూసుకుంటోంది. ప్రపంచ వాణిజ్య సంస్థ 2022లో చేసిన చేపల సబ్సిడీల ఒప్పందం 2025 సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది. దొంగవేటకు, ఏ ప్రాంతీయ సంస్థా లేని నడిసముద్రపు వేటకు ప్రభుత్వ డబ్బు ఇవ్వకూడదంటుంది. స్క్విడ్ ఖాళీ గురించి పైన చెప్పాను కదా, అక్కడికి ముందు చేరేది పర్యావరణ చట్టం కాదు, ఈ వాణిజ్య చట్టం కావచ్చు.

అందుకే మీ ప్రాజెక్ట్‌కు బీబీఎన్‌జే మొత్తాన్ని తీసుకోకండి. క్లాసులో సగం మంది అదే రాస్తారు. నైరుతి అట్లాంటిక్ స్క్విడ్ తీసుకోండి. ఒక్క చేపల నియంత్రణ సంస్థ కూడా లేనిచోట 117వ, 192వ అధికరణాలు జెండా దేశం మీద ఎంత బరువు పెడతాయి, సబ్సిడీల నియమం ఎంత పెడుతుంది, కొత్త ఒప్పందపు 5వ అధికరణం అక్కడ అడ్డం వస్తుందా లేదా? సంస్థే లేనిచోట దెబ్బతినడానికి ఏముందన్న వాదన ఇప్పటికే వినిపిస్తోంది, దాన్ని గట్టిగా పరీక్షించండి. ముసాయిదా రాశాక పంపితే చదివి చెబుతాను, ముఖ్యంగా ఫుట్‌నోట్లు.